వత్తు తెగిన చోట

2007 వేసవి. నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర ఒక సందులో నా డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కంపోజ్ చేసి బతికేవాణ్ణి. ఏజెన్సీ నుంచి కాఫీ గింజలు, పసుపు కొని బయటికి పంపే వ్యాపారి ఒకాయన వచ్చి, "అందరికీ వెబ్‌సైటు ఉందంట గదా బాబూ, మాకూ ఒకటి చేసీ" అన్నాడు. వచ్చిన నాలుగు ట్యాగులతో చేశాను. పైన పెద్ద అక్షరాల్లో "స్వచ్ఛమైన మన్యం కాఫీ" అని పెట్టాను. ఆయన తెర మీదికి వంగి చూసి, "ఈ అక్షరాలకి కాళ్ళు నరికీసినట్టున్నాయేటి?" అన్నాడు. నిజమే. స్వ కింద వత్తు లేదు. ఛ వత్తు జాడే లేదు. మన్యంలో య వత్తు సగానికి తెగి ఉంది.

మూడు రోజులు దానితోనే గడిచింది. ఊళ్ళో అడగడానికి మనిషి లేడు. విశాఖపట్నంలో తెలిసినాయనకు ఫోన్ చేస్తే ఫాంటు మార్చి చూడమన్నాడు; మార్చినా తెగింది. నాలుగో రాత్రి, కంప్యూటర్లో తెలుగు గురించి మాట్లాడుకునే ఒక గుంపులో నా బాధంతా రాశాను. పొద్దున షాపు తెరిచేసరికి జవాబు ఉంది. "శీర్షిక పెట్టె ఎత్తును 24 పిక్సెళ్ళకు బిగించారు, మించినదాన్ని దాచెయ్యమన్నారు. ఇంగ్లీషు అక్షరం గీత మీద నిలబడుతుంది. మనది గీత కిందికి దిగుతుంది. ఎత్తు తీసెయ్యండి. వరుసకూ వరుసకూ మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉంచండి." రెండు పంక్తులు చెరిపి ఒక పంక్తి రాస్తే వత్తులన్నీ తిరిగొచ్చాయి. చెప్పినాయన అమెరికాలో ఏదో ఊళ్ళో ఉద్యోగం. నా మొహం ఎరగడు, నర్సీపట్నం ఎక్కడుందో కూడా ఎరగడు.

ఆ జవాబు వెనక పెద్ద చరిత్రే ఉందని నాకు తర్వాత తెలిసింది. 1979లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఒక ఊహ చేశారు: ఒక కంప్యూటర్లో రాసిన మాట ఫోన్ తీగల మీద ఊరూరికీ పాకి, చదివినవాళ్ళు బదులు రాసే ఏర్పాటు. అదే యూజ్‌నెట్. ప్రోగ్రామింగు భాషకొకటి చొప్పున అక్కడ చర్చా బృందాలు వెలిశాయి. పదే పదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ఒకచోట కూర్చి ఉంచడం, అడిగేముందు అవి చదవమనడం అక్కడే ఆచారమైంది. వెబ్ పుట్టాక కూడా ఆ పద్ధతి పోలేదు. పేజీలో బొమ్మ చూపించే ట్యాగు ఉంది చూశారూ, ఇవాళ ప్రతి వెబ్‌సైటులోనూ ఉండేది, అదీ అలాంటి చర్చలోంచి వచ్చిందే. 1993 ఫిబ్రవరి 25న మార్క్ ఆండ్రీసన్ వెబ్ నిర్మాతల బృందానికి ఒక ఉత్తరం రాసి, బొమ్మకు ఇలాంటి ట్యాగు పెడదామని ప్రతిపాదించాడు. టిమ్ బెర్నర్స్‌లీతో సహా పలువురు వేరే దారులు సూచించారు. అతను మాత్రం తన మొజాయిక్ బ్రౌజరులో పెట్టేశాడు, అదే నిలిచింది. అందరి ఎదుటా వాదించుకున్నారు గనక ఆ మాటలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

తెలుగువాళ్ళు ఈ లోకంలోకి ముందే అడుగుపెట్టారు. తొంభైల మొదట్లో యూజ్‌నెట్‌లో తెలుగుకో బృందం ఉండేది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్నవాళ్ళు ఆవకాయ దగ్గర్నుంచి ఛందస్సు దాకా మాట్లాడుకునేవారు. కాకపోతే ఇంగ్లీషు లిపిలో. ఒకరు దీర్ఘం ఒకలా రాస్తే ఇంకొకరు ఇంకోలా రాసేవారు. ఆ గందరగోళానికి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ ఒక కట్టుబాటు తెచ్చారు. ఏ తెలుగు అక్షరానికి ఏ రోమన్ అక్షరాలు నొక్కాలో నిర్ణయించే పద్ధతి అది. విశ్వవిద్యాలయం పేరు మీదే ఆర్‌టీఎస్ అన్నారు. దాన్ని తెలుగు లిపిగా మార్చే ప్రోగ్రామూ రాశారు. కంపెనీ లాభం చూసి చేసింది కాదు, ప్రభుత్వం ఇమ్మన్నది కాదు. సాటివాళ్ళు పడుతున్న ఇబ్బంది చూసి చేశారు. ఆ తర్వాత తెలుగు టైపింగులో జరిగిన మంచి పనుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

అదే కాలంలో నర్సీపట్నంలో ఏముంది? 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది, అదీ నాలుగు మహానగరాల్లో. మా ఊరికి ఆ వార్త పేపర్లోనే వచ్చింది. మాకు కంప్యూటరంటే డీటీపీ. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, లేజరు ప్రింటు, ట్రేసింగ్ పేపరు. ఇంకొన్నేళ్ళకు నెట్ సెంటర్లు వచ్చాయి: ప్లైవుడ్ గదులు, గంటకింత అని బోర్డు, ఫోన్ లైనులో మోడెం కీచుమనే శబ్దం. మధ్యలో ఎవరైనా ఫోన్ ఎత్తితే కనెక్షన్ పోయేది. గంట లెక్కన డబ్బు గనక తెర మీద తీరిగ్గా చదవడం ఉండేది కాదు. దొరికిన పేజీని ఫ్లాపీలోకి దించుకుని, షాపుకొచ్చి, దాని లోపలి కోడు తెరిచి చూసేవాణ్ణి. రైట్ క్లిక్ కొట్టి "వ్యూ సోర్స్" అంటే చాలు, ఎవరో కట్టిన ఇంటి పునాదులు కనిపించేవి. వెబ్‌లో ఇంతమంది చదువుకోకుండానే పనివాళ్ళయ్యారంటే కారణం ఆ మెనూయే అని నా నమ్మకం.

ఆ కాలపు పేజీ అమరిక అంతా టేబుళ్ళే. లెక్కలు రాసుకోవడానికి పుట్టిన పట్టికను పేజీకి చట్రంగా వాడేవాళ్ళం. పట్టికలో పట్టిక, దానిలో ఇంకోటి. ఖాళీ నిలబెట్టడానికి ఒక్క పిక్సెలు పారదర్శక బొమ్మ. అందం ఒకచోట, విషయం ఒకచోట ఉండాలని హోకొన్ వియుమ్ లీ 1994 అక్టోబరులోనే ప్రతిపాదించాడు, 1996 డిసెంబరులో సీఎస్ఎస్ మొదటి ప్రమాణం వచ్చింది. బ్రౌజర్లు దాన్ని సరిగ్గా పాటించడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అయితే పక్కకు తేల్చిన పెట్టెకు మనమిచ్చిన ఖాళీని రెట్టింపు చేసేది. సంబంధం లేనట్టు కనిపించే ఒక పంక్తి కలిపితే అది సర్దుకునేది. ఎందుకు సర్దుకునేదో ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు. ఎవరో తిప్పలు పడి కనుక్కుని, పదిమందికీ చెప్పబట్టే తెలిసింది. 2003లో డేవ్ షే ఒకే విషయాన్ని ఎన్ని రకాల సీఎస్ఎస్‌తో ఎంత వేరుగా అలంకరించవచ్చో చూపే జెన్ గార్డెన్ తెరిచాక, చాలామంది టేబుళ్ళు వదిలారు.

మాకు దీనికి తోడు లిపి బాధ. తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చాయి గానీ దేని ఫాంటు దానిదే. ఒక పత్రికలో క అన్న సంకేతం ఇంకో పత్రికలో మరేదో అక్షరం. ఫాంటు దిగకపోతే పేజీ నిండా పిచ్చిగీతలే. ఒకచోట రాసినది కాపీ చేసి ఇంకోచోట పెట్టలేము, వెతకలేము. నా షాపులో అను ఫాంట్లలో పదేళ్ళు కంపోజ్ చేసిన సరుకంతా వెబ్‌లో పెడితే చెత్తలా కనిపించేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ జనం వాడే విండోస్‌లో తెలుగు అక్షరాలు సరిగ్గా కలిసి కనిపించింది 2001లో ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు వచ్చాకే. అదీ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులకు ఫైళ్ళు వేయమని టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. సీడీ ఎవరి దగ్గరుంది? పాత విండోస్ 98 ఉన్నవాళ్ళు తిరుమల కృష్ణదేశికాచారి చేసిన పోతన ఫాంటు వేసుకుని, అక్షరాలు పేర్చే ఒక సిస్టం ఫైలును కొత్తదానితో మార్చుకోవాలి. ఈ సూచనలు ఒకరి నుంచి ఒకరికి ఉత్తరాల్లా తిరిగేవి. నేను ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని జిరాక్సులు తీయించి అడిగినవాళ్ళకు ఇచ్చేవాణ్ణి.

ఇక్కడ కొద్దిగా ఆగాలి. 2003 నుంచి 2008 వరకు తెలుగులో జరిగింది, నా లెక్కలో, ఈ కథంతటికీ గుండెకాయ. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. పత్రికల సొంత ఫాంట్ల పాఠాన్ని బ్రౌజరులోనే యూనికోడ్‌గా మార్చి చూపే పద్మ అనే పరికరం కూడా ఆయనదే. ఫైర్‌ఫాక్సుకు తగిలించుకుంటే అప్పటిదాకా పిచ్చిగీతలుగా ఉన్న పేజీ తెలుగై పలికేది. ఆ పద్మ కోడు అందరికీ తెరిచి ఉంచింది. దాన్ని ఆధారం చేసుకుని వీవెన్ 2006లో లేఖిని చేశారు: పైన ఇంగ్లీషు మీటలతో కొడితే కింద తెలుగు వస్తుంది, ఏదీ వేసుకోనక్కర్లేదు, ఫాంటుల గొడవ లేదు. ఆర్‌టీఎస్ నుంచి పద్మకు, పద్మ నుంచి లేఖినికి. హ్యూస్టన్‌లో మొదలైన పని నర్సీపట్నం నెట్ సెంటరులో నా వేళ్ళ కిందికి అలా వచ్చింది. మధ్యలో ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వలేదు. ఒకరు చేసినది దాచుకుని ఉంటే తర్వాతివాడు మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాల్సి వచ్చేది.

తెలుగు వికీపీడియాలో, అంటే మా తెవికీలో, సాయం అడిగే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టారు. ఊళ్ళో చెట్టుకింద అరుగు. ఆ పేరు పెట్టినవాళ్ళకు ఆ పని స్వభావం బాగా తెలుసు: రచ్చబండ దగ్గర అడిగితే జవాబిచ్చేది ఒకడైనా వినేది అందరూ. కొత్తగా చేరినవాళ్ళు తమ చర్చాపేజీలో "సహాయం కావాలి" అనే మూస పెట్టుకుంటే ఎవరో ఒకరు వచ్చి చూసేవారు. నేను పట్టిక గీయడం, సమాచారపెట్టె కట్టడం, ఒక మూసలోంచి ఇంకో మూసను పిలవడం అక్కడే నేర్చుకున్నాను. మూసలంటే చిన్న ప్రోగ్రాములే. షరతు పెట్టడం, విలువ ఇవ్వకపోతే ఏం చూపాలో చెప్పడం, ఒకచోట మారిస్తే వెయ్యిచోట్ల మారడం, ఇవన్నీ తెలుగు మాటల్లో నేర్చుకున్న మొదటి తరం మేమే అనుకుంటాను. 'టెంప్లేట్' అని ఉంటే బెదిరి వెనక్కి వెళ్ళేవాణ్ణి. 'మూస' అనేసరికి కంసాలి మూస గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. e-తెలుగు అనే సంస్థగా ఏర్పడ్డ మిత్రులు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్లో తెలుగు వస్తుందని కళ్ళకు చూపేవారు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు ఇంజినీరింగు కాలేజీల్లో విద్యార్థులను కూడగట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పేవారు. రచ్చబండ అరుగు మీంచి దిగి మనుషుల మధ్యకూ వచ్చిందన్నమాట.

2008 సెప్టెంబరులో జోయెల్ స్పోల్‌స్కీ, జెఫ్ అట్‌వుడ్ స్టాక్ ఓవర్‌ఫ్లో తెరిచారు. అప్పటికే ఉన్న ఒకటి రెండు చోట్ల ప్రశ్న కనిపించి, జవాబు చూడబోతే డబ్బు కట్టమనేవారు. ఇక్కడ అన్నీ ఉచితం. మంచి జవాబుకు ఓట్లు, అడిగినవాడు ఒప్పుకున్నదానికి పచ్చ టిక్కు. పదేళ్ళపాటు ప్రపంచంలో ప్రోగ్రాములు రాసినవాళ్ళ రెండో మెదడు అదే. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగుకు పోలేని, జిరాక్సు మెటీరియలు కొనలేని కుర్రాళ్ళకు అది పెద్ద దిక్కు. కానీ మా ఊరివాడు ఆ గుమ్మం ఎక్కడం తేలిక కాదు. ప్రశ్న ఇంగ్లీషులో అడగాలి. పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషల్లో ఆ వేదికకు రూపాలు వచ్చాయి. మన దేశపు భాష ఒక్కదానికీ రాలేదు. తప్పుల ఇంగ్లీషులో అడిగితే కొట్టేసేవారు, ఇంతకుముందే అడిగారని మూసేసేవారు. నా షాపుకొచ్చే డిగ్రీ పిల్లలు రెండు గంటలు కూర్చుని ఒక ప్రశ్న రాసి, అది మూసేస్తే మళ్ళీ ఆ వైపు చూడకపోవడం నా కళ్ళతో చూశాను. కొత్తవాళ్ళను తాము సరిగ్గా ఆదరించడం లేదని ఆ సంస్థే 2018 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఆ మాట నాకు ఊరటనిచ్చింది, కానీ అప్పటికే వెనుదిరిగినవాళ్ళను ఎవరు పిలుస్తారు?

అలాగని ఆ కఠినత్వంలో మంచి లేదనను. ప్రశ్న అడగడం ఒక పని అని అక్కడే తెలిసింది. ఏం చేశావు, ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది. తప్పును చూపడానికి చాలినంత కోడు, అంతకుమించి ఒక్క పంక్తి వద్దు. ఐదువందల పంక్తులను కోసుకుంటూ పన్నెండుకు తెచ్చేసరికి సగంసార్లు జవాబు మనకే దొరికిపోతుంది. వైద్యుడి దగ్గరికి పోయి "బాగోలేదు" అని ఊరుకోకుండా ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం తింటే ఎక్కువవుతోంది అని చెప్పగల రోగి లాంటివాడు మంచి ప్రశ్నికుడు. నేను పిల్లలకు నేర్పిన వాటిలో పనికొచ్చింది ఇదొక్కటేనని తోస్తుంది.

ఇక అమరిక విద్య ఎటు పోయిందో గబగబా చెప్పేస్తాను. 2010లో ఈథన్ మార్కాట్ తెర వెడల్పును బట్టి ఒదిగే డిజైనుకు పేరు పెట్టాడు. 2011లో బూట్‌స్ట్రాప్ వచ్చి నిలువు గళ్ళ చట్రాన్ని అందరి చేతికీ ఇచ్చింది. 2017 మార్చిలో గ్రిడ్ పెద్ద బ్రౌజర్లలోకి వచ్చాక, టేబుళ్ళతో మేం పడ్డ బాధ ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. వీటన్నిటి మధ్య మాకు మిగిలిన పేచీ అక్షరానిదే. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థ పూనికతో యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్లలో చేరాక తెలుగు పేజీకి ముఖవర్చస్సు వచ్చింది. అయినా ఇంగ్లీషు కోసం కట్టిన బటన్‌లో మన మాట పట్టదు. అక్షరాల మధ్య ఎడం పెంచబోతే గుణింతాలు చెదురుతాయి. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే ట కిందికి వ వత్తు దిగిపోకుండా మధ్యలో కంటికి కనిపించని సున్నా వెడల్పు గుర్తు ఒకటి పెట్టాలి. తెలుగులో వెబ్ చేసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఆ గుర్తు ఎదురవుతుంది.

ఆ గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచాన్ని ఒక వారం గడగడలాడించింది. 'జ్ఞా' అన్న మన అక్షరం, లోపల ఆ కనిపించని గుర్తుతో కలిసి సందేశంగా వస్తే, ఐఫోన్‌లో ఆ సందేశం చూపే యాప్ కుప్పకూలేది. పేపర్లన్నీ 'తెలుగు అక్షర బాంబు' తరహాలో రాశాయి. నాకు బాధ కలిగింది. తప్పు అక్షరానిది కాదు, అక్షరాలు పేర్చే ప్రోగ్రాముది. అదేమిటో కనిపెట్టింది ఉత్సాహవంతులైన ప్రోగ్రామర్లు. మనీష్ గోరేగావ్‌కర్ అనే ఆయన ఒక్కో అక్షర సంకేతాన్నీ విడదీసి, ఏ హల్లుల వరుసలో, ఏ అచ్చు గుర్తుతో కూలుతుందో పరీక్షించి, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరుసలున్నాయని బహిరంగంగా రాశాడు. ఫిబ్రవరి 19న ఆపిల్ దిద్దుబాటు పంపింది. ఆ విశ్లేషణ చదువుతూ ఉంటే నాకు 2007 నాటి వత్తు గుర్తొచ్చింది. మన లిపి నడకను ఒక మనిషి ఓపిగ్గా చూశాడు, చూసినది చూసినట్టు నలుగురికీ చెప్పాడు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక మా ఊళ్ళో నెట్ సెంటర్లు ఒక్కొక్కటే జిరాక్సు షాపులయ్యాయి. నేర్చుకోవడం ఫోనులోకి వెళ్ళింది. తెలుగులో ప్రోగ్రామింగు పాఠాలు యూట్యూబులో కుప్పలుతెప్పలు. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు పిల్లలు సిగ్నలు దొరికే గట్టు మీద కూర్చుని పైథాన్ నేర్చుకోవడం చిన్న సంగతి కాదు. కానీ ప్రశ్నలు వాట్సాప్, టెలిగ్రామ్ గదుల్లోకి పోయాయి. అక్కడ జవాబు నిమిషంలో వస్తుంది, రేపటికి వంద శుభోదయాల కింద మునిగిపోతుంది. నిన్న ఒకరు అడిగినదే ఇవాళ ఇంకొకరు అడుగుతారు, చెప్పేవాడికి విసుగు పుడుతుంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో పడింది. దరఖాస్తు ఫారాల్లో జిల్లాల జాబితా మార్చడమెలాగని ఆ వారం నన్ను ఫోనులో ఎందరడిగారో! చెప్పినదంతా ఎక్కడా మిగల్లేదు. తెవికీలో అదే పని స్వచ్ఛందంగా చేసినవాళ్ళు మూసలు ఎలా మార్చారో, ఏ ఊరి విషయంలో ఏం తర్జనభర్జన పడ్డారో చర్చాపేజీల్లో ఉంది.

అదే ఏడు నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరక్కుండానే స్టాక్ ఓవర్‌ఫ్లో దాని జవాబులను నిషేధించాల్సి వచ్చింది. చూడడానికి నిక్షేపంగా ఉండి లోపల తప్పులుండేవి. ఆ తర్వాత అక్కడ కొత్త ప్రశ్నలు ఏటికేడు పడిపోయాయి. నేనూ యంత్రాన్ని అడుగుతున్నాను. తెలుగులో అడిగితే తెలుగులో చెబుతుంది, నీ ఇంగ్లీషేమిటని అనదు, ఇంతకుముందే అడిగారని మూసెయ్యదు. మా ఊరి పిల్లలకు అది ఎంత మేలో నాకు తెలుసు, కాదనను. నా గుబులు వేరు. ఆ యంత్రం చదువుకున్నది మేం అందరి ఎదుటా అడిగి చెప్పుకున్న మాటలనే. ఇప్పుడు ప్రతివాడూ తలుపేసుకుని ఒంటరిగా అడుగుతున్నాడు. తెలుగు లిపికి రేపు కొత్తగా వచ్చే చిక్కు, దాని విరుగుడు ఎక్కడ నమోదవుతాయి?

2007లో నాకు వచ్చిన జవాబు కోసం కొన్నాళ్ళ కింద వెతికాను. దొరకలేదు. జియోసిటీస్‌ను 2009లో మూసేశారు. అప్పట్లో చాలామంది తెలుగువాళ్ళ మొదటి పేజీలు అక్కడే ఉండేవి. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి; వాటిలో ఇరవై ఏళ్ళ తెలుగు సంభాషణలు ఉండేవి. కొన్ని ఎవరో భద్రపరిచారు, కొన్ని పోయాయి. నా ప్రశ్న పోయినవాటిలో ఉంది. ఆయన పేరు నా డైరీలో ఉంది గానీ, ఆ మాటలు మాత్రం జ్ఞాపకం మీంచి రాసినవే.

మొన్న సంత రోజున గొలుగొండ వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వాళ్ళమ్మ నడిపే పొదుపు సంఘానికి ఒక పేజీ చేస్తున్నాడట. ఫోనులో పెద్దక్షరాల శీర్షిక రెండు వరుసలైతే పై వరుస వత్తులు కింది వరుస గుడి మీద పడుతున్నాయి. "ఏఐని అడిగినాను సార్. ఫాంటు సైజు తగ్గించమంది. తగ్గిస్తే అమ్మకి కనపడదు" అన్నాడు. నాకు జవాబు తెలుసు. చెప్పాను. వరుసల దూరం పిక్సెళ్ళలో ఇచ్చాడు, రెట్లలో ఇమ్మన్నాను. సరిపోయింది. వెళ్ళబోతుంటే కూర్చోబెట్టి, ముందు కోడు పన్నెండు పంక్తులకు కోయించాను. మార్చకముందు తెర బొమ్మ, మార్చాక తెర బొమ్మ తీయించాను. ప్రశ్న ఒక పేరా, జవాబు ఒక పేరా తెలుగులో రాసి, అందరూ చూసే చోట పెట్టమన్నాను. "ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. రాయడానికి గంట పట్టింది. 'వత్తులు' అన్న మాట శీర్షికలో ఉండాలని వాడే అన్నాడు, వెతికేవాళ్ళు ఆ మాటతోనే వెతుకుతారట. పంపించాక ల్యాప్‌టాప్ మూసి, ఏడున్నర బస్సుకు పరిగెత్తాడు.